సింహళద్వీపమున జోసెఫ్ వాజ్

ఇరుగుపొరుగు భాషల నడుమ మాతృభాషను నిలుపుకొనుచు చదువుచున్న మన బాలబాలికలకు జోసెఫ్ వాజ్ చరిత్రము తెలియదగినదని తలచి మేమిందు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1651వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన గోవాలో, కొంకణి మాటలాడు కుటుంబమున జన్మించెను. 1676లో క్రైస్తవ గురువై, సాంకోలే గ్రామమున లాటిను పాఠశాలను నడిపెను. 1681 మొదలు మూడేండ్లు కెనరా తీరమున, అనగా నేటి మన కర్ణాటక రాష్ట్రపు పడమటి తీరమున, సేవ చేసెను.

ఆ కాలమున సింహళద్వీపపు తీరములు డచ్చివారి యేలుబడిలో నుండెను. వారు కతోలిక గురువులను వెడలగొట్టి, ఆ మతాచారములను నిషేధించిరి. ప్రజలకు బోధించువాడు లేడు, ఓదార్చువాడు లేడు. ఈ సంగతి విని వాజ్ 1687లో బిచ్చగాని వేషమున జాఫ్నా చేరెను. పగలు భిక్షమెత్తుచు, రాత్రులందు ఇండ్లలో రహస్యముగా పూజలు చేయుచు తిరిగెను. తమిళమును వారి నడుమనే అభ్యసించెను.

1692లో కాండీ రాజ్యమునకు పోగా, పోర్చుగీసువారి గూఢచారియని శంకించి రాజు ఆయనను చెరసాలలో నుంచెను. ఆయన ఆ చెరనే బడిగా చేసికొని సింహళభాష నేర్చెను! 1697లో ఆ నగరమున మశూచి చెలరేగినప్పుడు రోగులకు స్వయముగా ఉపచారములు చేసెను. అది చూచి రాజు ఆయనకు స్వేచ్ఛ నొసంగెను.

అయినను ద్వీపమంతటికి ఒక్కడెట్లు చాలును? ఒక ఊరికి పోయిన గురువు మరల వచ్చుటకు నెలలు పట్టుచుండెను. అందువలన ఆయన ఊరివారిలోనుండియే ఉపదేశులను ఏర్పరచెను. వారిని అచ్చట అన్నావి యని పిలుతురు. గురువు లేని దినములందు ప్రార్థన నడుపుట, పిల్లలకు బోధించుట వారి పని. గోవానుండి తోడి గురువులును వచ్చి చేరిరి. వారిలో 1705లో వచ్చిన జాకోమె గొన్సాల్వెస్ సింహళమునను తమిళమునను అనేక గ్రంథములు రచించెను. ఆ భాషలలో నేదియు ఆయన తల్లిభాష కాదు.

వాజ్ 1711 జనవరి 16న కాండీలో కన్నుమూసెను. ఆయన పోయినను ఆయన నాటిన పని ఆగలేదు. 2015లో కొలంబోనగరమున పోపు ఫ్రాన్సిస్ ఆయనను పునీతునిగా ప్రకటించెను.

మతమేదైనను ఈ చరిత్రము మనకు పాఠమే. ఉపాధ్యాయులమైన మేము నేడుందుము, రేపు బదిలీపై పోవుదుము. తమ్మునిచేత ఓనమాలు దిద్దించు అక్కయు, సాయంకాలము తెలుగు పుస్తకమును బిగ్గరగా చదివించు తండ్రియు ఇంటింట నున్నచో, మేము పోయినను బడి మూతపడదు. అట్టివారే మన యూరి అన్నావులు. వారిని ఇంటింట తయారుచేయుటయే మా ముఖ్యమైన పనియని మేము నమ్ముచున్నాము.