రహీం సాబ్ జీవితం: పిల్లల్ని పెద్ద జట్టుకు ఎప్పుడు పంపాలి?



పరీక్షలు అయిపోయే రోజుల్లో యాచారంలో కొన్ని ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. పిల్లవాడు ఆటలో చురుగ్గా ఉన్నాడు. ఇక్కడే ఉంచుదామా, సిటీలో పేరున్న అకాడమీకి మారుద్దామా? ఇంటర్, డిగ్రీకి వచ్చిన పిల్లల విషయంలోనూ ఇదే ప్రశ్న. పెద్ద జట్టు ఉన్న కాలేజీకి వెళ్తే ఆట పెరుగుతుందా? ఫీజు, హాస్టల్, చదువు అన్నీ దీంతో ముడిపడినవే కాబట్టి మీరు ఆలోచించడం సహజం. ఈ నెల మీకు చెప్పబోయే జీవితం ఆ ఆలోచనకు సాయపడుతుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. 2024లో వచ్చిన మైదాన్ సినిమా చూసినవారికి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి జట్టుకు ఆడారు. ఆ తర్వాత బడి పంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. అందరూ ఆయన్ని రహీం సాబ్ అనేవారు.

ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులకు ఉన్న పేరు, అభిమానులు మరెక్కడా లేరు. రహీం చేతిలో ఉన్నది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. పోలీసు ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే కుర్రాళ్లు వాళ్లు. ఆ జట్టే 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అక్కడ డబ్బు, హంగు కంటే ఎక్కువగా పనిచేసింది రహీం నేర్పిన విధానం. బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకోకుండా వెంటనే అందించడం, బలహీనమైన కాలితోనూ తన్నగలగడం, మైదానంలో తన చోటు తెలుసుకోవడం ఆయన పదేపదే సాధన చేయించేవారు.

ఇక మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చే ఇద్దరు ఆటగాళ్లను చూడండి. ఇద్దరూ భారత జట్టులో రహీం శిష్యులే.

మొదటివారు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టారు. ఆయన ఆట చూసిన రహీం హైదరాబాద్ జట్టు సాధనకు రమ్మన్నారు. రావడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవని తెలిసి సైకిలు అద్దెకు తానే డబ్బులిచ్చారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి బలరాం వయసు ఇరవై. ఈస్ట్ బెంగాల్‌కు మారింది ఆ తర్వాతే, 1957లో. అంటే పెద్ద క్లబ్బుకు వెళ్లి ఒలింపిక్ ఆటగాడు కాలేదు, ఒలింపిక్ ఆటగాడై పెద్ద క్లబ్బుకు వెళ్లారు. అక్కడ ఆయన కోసం స్థానం ఎదురుచూస్తూ ఉంది. 1961లో ఆ క్లబ్బుకు కెప్టెన్ కూడా అయ్యారు. మారడం వల్ల ఆయనకు మేలే జరిగింది.

రెండోవారు పి.కె. బెనర్జీ. కలకత్తాలోనే ఉన్నా ఆ మూడు పెద్ద క్లబ్బుల్లో దేనికీ ఆడలేదు. తన ఆట కాలమంతా దాదాపు ఈస్టర్న్ రైల్వే జట్టులోనే గడిపారు. అయినా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు కెప్టెన్ ఆయనే. పెద్ద క్లబ్బు పేరు లేకపోవడం ఆయనకు అడ్డు కాలేదు. ప్రతి మ్యాచ్‌లో మైదానంలో ఉండే అవకాశం చిన్న జట్టు ఆయనకు ఇచ్చింది.

రహీం ఈ ఇద్దరినీ, మోహన్ బగాన్‌కు చెందిన చునీ గోస్వామినీ ఒకే వరుసలో ఆడించారు. ఎవరు ఏ క్లబ్బు నుంచి వచ్చారన్నది ఆయనకు పట్టలేదు. మెల్‌బోర్న్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. అయినా జట్టు వెంట వెళ్లారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మన జట్టు పసిడి పతకం తెచ్చింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి బెనర్జీది. 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ పసిడి రాలేదు.

కాబట్టి మార్చాలా వద్దా అని మీరు అడిగితే, జట్టు ఎంత పెద్దదో చూడడానికి ముందు మూడు సంగతులు చూడమంటాం. అక్కడ మీ అబ్బాయికి, అమ్మాయికి స్వయంగా నేర్పే మనిషి ఎవరు? పేరు గొప్ప కోచ్‌ది ఉండి, రోజూ నేర్పేది వేరొకరైతే లాభం తక్కువ. మ్యాచ్‌లు ఆడే అవకాశం దొరుకుతుందా, బెంచీ మీద కూర్చోవాలా? ఎదిగే వయసులో ఆడని ఏడాది తిరిగి రాదు. చివరిగా, ఇక్కడ నేర్చుకోవాల్సింది పూర్తయిందా? కాకపోతే తొందర అక్కర్లేదు. అయితే, అక్కడ చోటు సిద్ధంగా ఉంటే, బలరాం వెళ్లినట్టే పంపండి. మీ దగ్గరే ఉండాలన్న బెంగతో ఆపొద్దు.

అలాగే, మీ పిల్లలకు సైకిలు అద్దె ఇచ్చేటంత శ్రద్ధ ఉన్న గురువు ఇప్పటికే దొరికి ఉంటే, ఆ గురువును వదిలేముందు ఇంకోసారి ఆలోచించండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక, పీఈటీ సార్ దగ్గర కూడా ఒక పది నిమిషాలు కూర్చోండి. మీ పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.