ఆల్‌ఫ్రెడ్ బ్యూకి
ఆల్‌ఫ్రెడ్ బ్యూకి (జూలై 11, 1879 - అక్టోబరు 27, 1959) స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు, టర్బోచార్జరు ఆవిష్కర్త. వింటర్‌టూర్‌లో జన్మించాడు. ఇంజను పొగతోపాటు వృథాగా పోయే శక్తి ఇతనిని ఆలోచింపజేసింది. ఆ వాయువులతో టర్బైనును త్రిప్పి, దానితో నడిచే కంప్రెసరు ద్వారా ఇంజనులోనికి అధికంగా గాలిని నెట్టే పద్ధతికి 1905లో పేటెంటు కోరాడు.

సుల్జర్ సంస్థలో జరిపిన తొలి ప్రయోగాలు ఫలించలేదు. ఇరవై ఏళ్ళ తరువాత, 1925లో, పది సిలిండర్ల ఓడ డీజిలు ఇంజను సామర్థ్యం 1,750 నుండి 2,500 అశ్వశక్తికి పెరగడంతో సందేహాలు తీరాయి.

ఓడ ఇంజను దాదాపు ఒకే వేగంతో నడుస్తుంది కనుక దానికి తగిన టర్బో ఎంపిక కొంత సులభం. కారు సంగతి వేరు. చిన్న టర్బైను త్వరగా వేగమందుకొన్నా, అధిక వేగాలలో పొగకు అడ్డుపడుతుంది. పెద్దది ఎక్కువ శక్తినిచ్చినా ఆలస్యంగా స్పందిస్తుంది. రహదారి కార్ల శక్తిని పెంచేవారికి నేటికీ ఇదే చిక్కు. టర్బో కార్లు 1962లో అమెరికా విపణిలోకి వచ్చేనాటికి బ్యూకి జీవించి లేడు.