పిట్ట అడుగున పేరు

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, ఈ ఏటి సావనీరుకు ఎవరైనా మహనీయుని జీవితం గూర్చి వ్రాసి ఇమ్మన్నాడు. పూర్వ విద్యార్థిని, కెమిస్ట్రీ వాణ్ణి గనుక ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ గురించి వ్రాస్తాననుకుని ఉంటాడు. వారిని గూర్చి వ్రాయగలవారు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక ఫ్రెంచి నగల పనివాణ్ణి గూర్చి వ్రాస్తున్నాను. ఆయన పేరు రెనె లాలిక్. ఆయనతో నాకేం పని అంటే, మా ఇంట్లో ఉన్న ఒక గాజు పిట్ట చెప్పాలి.

అది అరచేతిలో ఇమిడే పిచ్చుక. రెక్కలు మంచు పట్టినట్టు తెల్లగా ఉంటాయి. ముక్కు, కళ్ళు మాత్రం నిగనిగలాడతాయి. మా తాత వాల్తేరు మెట్ట మీద ఒక దొరగారి బంగళాలో బట్లరు. 1947లో దొర ఓడెక్కుతూ, పెట్టెలో పట్టని సామాన్లతోపాటు ఈ పిట్టను కూడా ఇచ్చిపోయాడట. 1979లో నేను ఎమ్మెస్సీ చదువుతుండగా దాని అడుగున ఇంగ్లీషు అక్షరాలు చూశాను. ఆర్. లాలిక్, ఫ్రాన్స్ అని ఉంది. ఎవరీ లాలిక్ అని లైబ్రరీలో ఎన్‌సైక్లోపీడియా తిరగేశాను. అలా మొదలైంది మా పరిచయం.

లాలిక్ 1860 ఏప్రిల్ 6న ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతంలోని ఆయ్ అనే ఊళ్ళో పుట్టాడు. ద్రాక్షతోటల ఊరు అది. కాపురం పారిస్ చేరినా సెలవులకు అక్కడికే పోయేవాడు. తూనీగలు, గడ్డిపూలు, పిట్టలు ఆయన చేతి పనిలోకి ఆ పొలాల గట్ల మీంచే వచ్చాయి. 1876లో తండ్రి పోయాడు. పదహారేళ్ళ కుర్రవాణ్ణి తల్లి లూయీ ఓకోక్ అనే పారిస్ నగల వర్తకుని దగ్గర పనిలో పెట్టింది. పగలు కొట్లో పని, సాయంత్రాలు కళాశాలలో డ్రాయింగు పాఠాలు. తరువాత ఇంగ్లండు వెళ్ళి, సిడెన్‌హామ్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌ను ఆనుకుని ఉన్న కళా పాఠశాలలో రెండేళ్ళు చదువుకున్నాడు.

తిరిగొచ్చాక ఆయన చేసిన పని విద్యార్థులు గమనించదగ్గది. కార్టియే, బూషెరాన్ వంటి పెద్ద నగల కంపెనీలకు డిజైన్లు గీసి ఇచ్చేవాడు. గీత ఆయనది, పెట్టె మీద పేరు వాళ్ళది. ఆ నగలు పెట్టుకున్న దొరసానులకు లాలిక్ అనే మనిషి ఉన్నాడనే తెలియదు. ఇలా కొన్నేళ్ళు గడిచాక, 1885లో జూల్ డెస్టాప్ అనే వర్తకుని వర్క్‌షాపు తాను తీసుకున్నాడు. అప్పుడుగాని సొంత గొడుగు కిందికి రాలేదు.

నగ అంటే బంగారం తూకం, రాళ్ళ ఖరీదు అనుకునే రోజులవి. మన పెళ్ళిళ్ళలో ఇప్పటికీ అంతే కదా! లాలిక్ ఆ లెక్కను తలకిందులు చేశాడు. పశువు కొమ్ము, దంతం, ఎనామెల్, గాజు తెచ్చి బంగారం పక్కన కూర్చోబెట్టాడు. నగ విలువ పనితనంలో ఉండాలిగాని రాయిలో కాదని ఆయన పట్టు. ప్రఖ్యాత నటి సారా బెర్నార్ ఆయన నగలు ధరించింది. కలుస్త్ గుల్బెంకియన్ అనే ఆర్మీనియన్ చమురు వ్యాపారి 100కు పైగా వస్తువులు కొన్నాడు. అవి నేడు లిస్బన్‌లో ఆయన పేరిటి మ్యూజియంలో ఉన్నాయి. కొమ్ముతో, బంగారంతో చేసిన కోడిపుంజు తల కిరీటం వాటిలో ఒకటి. పుంజు ముక్కున ఊదారంగు రాయి ఉంటుంది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో లాలిక్ నగలను జనం ఎగబడి చూశారు. అప్పటికి ఆయన వయస్సు నలభై.

మరొకరైతే అక్కడ ఆగి సుఖపడేవారు. కాని కీర్తితోపాటు అనుకరణలూ వచ్చాయి. వీధివీధినా లాలిక్ మార్కు తూనీగలు మొలిచాయి. ఆయన మనసు గాజు మీదికి మళ్ళింది. నగలవాళ్ళు మైనంతో బొమ్మ చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి లోహం పోస్తారు. ఆయన అందులో గాజు పోసి చూశాడు. ఇంతలో ఫ్రాంస్వా కోటీ అనే అత్తరు వ్యాపారి వచ్చాడు. అంతకుముందు అత్తరు మందుల షాపు సీసాల్లాంటి సాదా సీసాల్లో అమ్మేవారు. వేలకొద్దీ చేయగలిగినది, అయినా అందమైనది అయిన సీసా కావాలన్నాడు కోటీ. ఉక్కు అచ్చులతో అది సాధ్యమైంది. 1909లో లాలిక్ పారిస్ దగ్గర కోంబ్ లా విల్‌లో ఒక గాజు కార్ఖానా అద్దెకు తీసుకున్నాడు. 1913లో కొనేశాడు. అదే 1909లో భార్య ఆలిస్ చనిపోయింది. ఆ తరువాత నగల పని క్రమంగా ముగిసిపోయింది. యాభై దాటిన వయస్సులో మనిషి కొత్త వృత్తిలో పడ్డాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆల్సేస్‌లోని వింగెన్ సుర్ మోడెర్‌లో పెద్ద ఫ్యాక్టరీ కట్టాడు. గాజు పనివాళ్ళు తరతరాలుగా ఉన్న ప్రాంతమది. చిలకల కూజాలు, పిచ్చుక పేపర్ వెయిట్లు, కార్ల రేడియేటరు మూతల మీద నిలబడే డేగలు, కోడిపుంజులు, వాన కోవెలలు అక్కడి నుంచి లోకం మీదికి ఎగిరాయి. జంట చిలకలు చెక్కిన ఒక కూజాకు సిలోన్ అని పేరు పెట్టాడు. 1925 పారిస్ ప్రదర్శనలో గాజు ఫౌంటెను నిలబెట్టాడు. 1935లో బయలుదేరిన నార్మండీ ఓడ భోజనశాలకు దీపాలు చేశాడు. 1940లో జర్మన్ సైన్యం ఆల్సేస్‌ను ఆక్రమించడంతో ఫ్యాక్టరీ మూతపడింది. అది తిరిగి తెరుచుకోవడం చూడకుండానే 1945లో ఆయన పారిస్‌లో కన్నుమూశాడు.

కుమారుడు మార్క్ ఫ్యాక్టరీని తెరిచి, సీసం ఎక్కువ కలిసిన క్రిస్టల్‌కు మారాడు. అప్పటినుంచి సంతకంలో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఆర్ తీసేశారు. అందుచేత గాజు వస్తువులు సేకరించేవారు మొదట తిప్పి చూసేది అడుగునే. ఆర్ ఉంటే సాధారణంగా పెద్దాయన కాలంనాటిది, లేకపోతే 1945 తరువాతిది. కొన్ని పాత అచ్చులతో యుద్ధం తరువాత కూడా పోత పోశారు గనుక, బొమ్మ ఒకటే అయినా ఆ ఒక్క అక్షరం వల్ల ధరలో ఎంతో తేడా వస్తుంది. ఒక్క అక్షరానికి అంత ధర ఉన్నచోట దొంగ అక్షరాలు పుట్టడంలో వింత లేదు. సబినో వంటి ఇతర ఫ్రెంచివారు, చెక్ దేశపు గాజు పనివాళ్ళు కూడా ఇటువంటి పిట్టలు బోలెడు చేశారు. వాటి మీద ఎవరో తరువాత చెక్కిన లాలిక్ సంతకాలు తక్కువేం లేవు.

మా పిట్ట మీద ఆర్ ఉంది. ముప్ఫై అయిదేళ్ళు ఆ గర్వంతో బ్రతికాను. వచ్చిన ప్రతి అతిథికీ తిప్పి చూపించాను. 2014లో మా నాన్న పోయాక, ఇన్సూరెన్సుకని ఒకసారి శాస్త్రీయంగా పరీక్షిద్దామనుకున్నాను. కెమిస్ట్రీ వాణ్ణి గదా! నీళ్ళలో తూచి సాంద్రత కట్టాను. నీటికి రెండున్నర రెట్లు వచ్చింది. అంటే కిటికీ అద్దంలాంటి మామూలు సోడా గాజు. సీసం కలిసి ఉంటే ఇంకా బరువుండాలి. ఇక భూతద్దం పెట్టాను. బల్లల మీద పెట్టి తీసిన గీతలు అడుగునిండా ఉన్నాయి. అక్షరాలు పాతవైతే ఆ గీతలు అక్షరాల మీదుగా పోవాలి. ఇక్కడ అక్షరాలే గీతల మీదుగా పోయాయి. పిట్ట అరిగిన తరువాత ఎవరో పేరు వ్రాశారన్నమాట.

ఎవరు? అది కనుక్కోవడానికి నేను పారిస్ వెళ్ళనక్కరలేకపోయింది. ఇంగ్లీషు ఎల్ అక్షరానికి కింద అలా తోక తిప్పే మనిషి నాకు ఒక్కడే తెలుసు. మా ల్యాబులో పాత ఫ్లాస్కుల మీద వజ్రపు ములికి పెన్సిలుతో ల్యాబ్ నంబర్లు వ్రాసిన చెయ్యి అది. మన కాలేజీ గ్లాస్ బ్లోయర్‌ది. మా నాన్నది.

అమ్మను అడిగితే కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. 1979లో నా మెస్సు బకాయి నాలుగు నెలలది పేరుకుపోయింది. పరీక్షకు కూర్చోనివ్వరన్నారు. నాన్న పిట్టను పట్టుకుని ఒక పాత సామాన్ల షాపుకు వెళ్ళాడట. దాని మీద లాలిక్ పేరుంటే వేలు ఇద్దును, లేదు గనుక ఇది పిల్లల బొమ్మ అన్నాడట షాపువాడు. ఏ అక్షరాలు ఎక్కడుండాలో కూడా వాడే చెప్పాడట. ఆ రాత్రి నాన్న వ్రాశాడు. తెల్లవారింది, షాపు తెరిచారు, ఆయన మాత్రం కదల్లేదు. పిట్టను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, సొసైటీలో అప్పు తీసుకున్నాడు. ఆ వాయిదాలు నాకు ఉద్యోగం వచ్చేదాకా జీతంలో కోత పడుతూనే ఉన్నాయి. మరి నేను అందరికీ చూపిస్తుంటే ఎందుకు ఊరుకున్నాడని అడిగాను. నువ్వు అంత సంతోషంగా చెబుతుంటే ఆయన నోరు పెగల్లేదురా అంది.

కొన్నాళ్ళు నాకు సిగ్గేసింది. తరువాత లాలిక్ జీవితం మళ్ళీ చదువుకున్నాను. ఈసారి కార్టియే పెట్టెల్లో పేరులేకుండా పోయిన ఆ తొలి ఏళ్ళ దగ్గర చాలాసేపు ఆగాను. వింగెన్‌లో ఊది, పోసి, సానపట్టిన పనివాళ్ళ పేర్లు ఏ పిట్ట అడుగునా లేవన్నది కూడా అప్పుడే తట్టింది. మా నాన్న ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఈ కాలేజీకి కండెన్సర్లు, స్టాప్‌కాకులు, వాక్యూమ్ లైన్లు చేసి ఇచ్చాడు. వాటితో ఎందరో డాక్టరేట్లు తీసుకున్నారు. నాతో సహా. నా థీసిస్‌లో గైడుకు, హెడ్డుకు, టైపిస్టుకు కూడా కృతజ్ఞతలున్నాయి. ఆయనకు లేవు. ఆయన గాజు మీద తన పేరు ఎన్నడూ వ్రాసుకోలేదు. వ్రాసిన ఒక్క పేరూ పరాయివాడిది, అదీ నా కోసం.

ఆ పిట్టను ఈ ఏడు డిపార్టుమెంటుకు ఇస్తున్నాను. అద్దాల బీరువాలో పెడతామని హెడ్డుగారు ఒప్పుకున్నారు. పక్కన పెట్టే కార్డు నేనే వ్రాశాను. పిట్టను చేసినవారు తెలియదు, యూరపు, 1947కు ముందు. అడుగున అక్షరాలు వ్రాసినవారు ఈ కాలేజీ గ్లాస్ బ్లోయర్, 1979. కింద మా నాన్న పేరు. ల్యాబుకు వెళ్ళే విద్యార్థులు ఒకసారి ఆగి చూడగలరని మనవి. వీలైతే అటునుంచి అటే గ్లాస్ బ్లోయింగు గదిలోకి కూడా తొంగి చూడండి.