గోండు భూములను కాగితం మీదికి తెచ్చిన హైమన్‌డార్ఫ్

మన సంఘంలో రెవెన్యూ, సర్వే, అటవీ శాఖల్లో పనిచేసినవారు చాలామందే ఉన్నారు. ఆదిలాబాదు ఏజెన్సీలో ఒక్క ఏడాదైనా ఉద్యోగం చేసినవారికి హైమన్‌డార్ఫ్ గారి పేరు కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే ఈ సంచిక మన పిల్లలూ మనవలూ కూడా చదువుతారు గనుక, ఆయన జీవితం గురించి నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించారు. మానవశాస్త్రంలో అక్కడే డాక్టరేటు పొంది, లండన్‌లో పైచదువు చదివి, 1936లో నాగా కొండలకు వచ్చారు. 1938లో బెట్టీ గారిని వివాహమాడారు. మరుసటి ఏడు దంపతులు మన దేశానికి వచ్చేసరికి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిషువారి లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాదు సంస్థానం దాటరాదని ఆంక్ష పెట్టారు. ఆ ఆంక్షే మన అడవి జనానికి మేలు చేసింది! ముందు అమ్రాబాదు చెంచుల దగ్గర, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర ఉండి, ఆపైన ఆదిలాబాదు గోండుల్లోకి వెళ్ళారు.

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము కాల్పుల్లో మరణించి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆ తిరుగుబాటుకు మూలం భూమే. తరతరాలుగా దున్నుకుంటున్న చేలు రిజర్వు ఫారెస్టు హద్దుల లోపలికి పోయాయి. హద్దు బయట మిగిలినవాటికి గోండుల పేర పట్టాలు లేవు. పట్టా విలువ తెలిసిన బయటివారు వచ్చి, పట్వారీని మంచి చేసుకుని తమ పేర రాయించుకున్నారు. మన భాషలో చెప్పాలంటే కబ్జా ఒకరిది, కాలమ్‌లో పేరు మరొకరిది.

హైమన్‌డార్ఫ్ గారు మార్లవాయిలో గడ్డి కప్పిన ఇంట్లో కాపురం పెట్టి, ఊరూరా తిరిగి, ఎవరి చేను ఎలా పోయిందో రాసుకున్నారు. ఆ వివరాలను నిజాం ప్రభుత్వానికి నివేదికలుగా ఇచ్చారు. 1945లో అవి పుస్తకంగా అచ్చయ్యాయి. సర్కారువారికి సర్కారు సిబ్బంది తప్పులే రాసివ్వడం ఎంత కష్టమో, ముప్ఫయ్యేళ్ళు ఫైళ్ళు రాసిన మనకు తెలుసు. ఆయన్ను పంపేయలేదు సరికదా, 1945లో గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించారు. సేతుమాధవరావు పగ్డీ గారి వంటి అధికారులు తోడయ్యారు. సిబ్బంది ఊళ్ళకే వెళ్ళి భూములు కొలిచి వేలాది కుటుంబాలకు లావణి పట్టాలు ఇచ్చారు. పట్టా చదవలేనివాడి దగ్గర అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? అందుకే 1943లోనే మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి.

తర్వాత ఆయన లండన్‌లో ప్రొఫెసరుగా ఉంటూ నేపాల్ షెర్పాల మీద పనిచేశారు. 1976లో రిటైరయ్యాక, మనలా విశ్రాంతి తీసుకోకుండా, బెట్టీ గారితో తిరిగి గోండు ఊళ్ళు పట్టారు. చూస్తే ఏముంది? భూములు మళ్ళీ చేతులు మారుతున్నాయి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకూ వచ్చాయి, 1970లో మరింత బిగించారు. అయినా అప్పుల కింద, నోటిమాట కౌళ్ళ కింద చేలు పోతూనే ఉన్నాయి. అదంతా మళ్ళీ రాసి, 1982లో పుస్తకంగా ప్రపంచం ముందు పెట్టారు.

ఆ రోజుల్లోనే నేను ఉట్నూరు వైపు పనిచేశాను. పాత లావణి పట్టాను గుడ్డలో చుట్టి, ఆ మూటను చంకన పెట్టుకుని ఆఫీసుకు వచ్చే గోండు పెద్దలను చూశాను. కాగితం వారి దగ్గర, నాగలి మరొకరిది. ఒకాయన విషయంలో మాత్రం ఆ కాగితమూ, పాత రికార్డులో తండ్రి పేరూ సరిపోయి, చేను తిరిగొచ్చింది. కొలిచి రాసిన ఆ ఒక్క వరస లేకపోతే ఆయన మాట వినేవారెవరు?

బెట్టీ గారు 1987లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన 1995లో లండన్‌లో మరణించారు. తర్వాత ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. జనవరి 11న అక్కడ గోండులు చేరి వారిద్దరినీ తలచుకుంటారు. ఉట్నూరు నుంచి జైనూరు మీదుగా వెళ్ళవచ్చు.