ధ్రువయాత్రికుడు నాన్సెన్

భూగోళానికి ఉత్తరపు కొనన ఉన్న మంచు సముద్రాన్ని ఆర్కిటిక్ మహాసముద్రం అంటారు. శీతాకాలంలో అక్కడ నెలల తరబడి సూర్యుడు కనిపించడు. సముద్రపు నీరు పైన గడ్డకట్టి, పెద్ద పెద్ద మంచు పలకలుగా మారుతుంది. ఆ పలకలు ఒకదానినొకటి ఒరుసుకొని ఉరుములవంటి ధ్వని చేస్తాయి. వాటి నడుమ చిక్కుకున్న ఓడలు నలిగి మునిగిపోతాయి. అటువంటి చోట వరుసగా మూడు శీతాకాలాలు గడిపి క్షేమంగా తిరిగివచ్చిన సాహసి ఫ్రిట్యోఫ్ నాన్సెన్. ఆ తరువాత దిక్కులేని లక్షలాది ప్రజలకు అండగా నిలిచిన మానవతామూర్తి కూడా ఆయనే.

నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన నార్వే దేశంలో, నేడు ఓస్లో అని పిలుస్తున్న క్రిస్టియానియా నగరం దగ్గర జన్మించాడు. తండ్రి న్యాయవాది. తల్లికి మంచుమీద ఆటలంటే ఇష్టం. స్కీలు అనే పొడవైన చెక్కపలకలను కాళ్లకు తగిలించుకొని మంచుమీద జారుతూ పోవడం నాన్సెన్‌కు చిన్ననాటినుండే అలవాటయింది. ఒంటరిగా అడవులలో తిరగడం, ఉన్నదానితో సరిపెట్టుకోవడం ఆయన బాల్యంలోనే నేర్చుకొన్నాడు. విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి, బెర్గెన్ నగరంలోని మ్యూజియంలో ఉద్యోగంలో చేరాడు. జీవుల నాడీమండలంపై పరిశోధన చేసి 1888లో డాక్టరేటు పొందాడు.

అదే సంవత్సరం ఆయన మరి ఐదుగురితో కలిసి గ్రీన్‌లాండ్ ద్వీపాన్ని దాటడానికి బయలుదేరాడు. అంతకుముందు ప్రయత్నించినవారు జనావాసాలున్న పడమటి తీరంనుండి బయలుదేరి, కష్టం తోచినప్పుడు వెనుదిరిగేవారు. నాన్సెన్ తద్విరుద్ధంగా ఆలోచించాడు. నిర్జనమైన తూర్పు తీరాన దిగితే వెనుకకు మరలే దారి ఉండదు. కనుక ముందుకు సాగక తప్పదు. సముద్రమట్టానికి సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉన్న మంచు పీఠభూమిమీదుగా, బండ్లను తామే లాగుకొంటూ ఆ ఆరుగురు పడమటి తీరం చేరుకొన్నారు. అప్పటికే ఆ ఏడాది ఆఖరు ఓడ వెళ్లిపోయింది. ఆ శీతాకాలమంతా నాన్సెన్ అక్కడి ఇన్యూట్ ప్రజలతో మెలగి, తోలుపడవ నడపడం, వేటాడడం, చలిని తట్టుకొనే దుస్తులు ధరించడం నేర్చుకొన్నాడు. ఆ విద్యలే తరువాత ఆయన ప్రాణాలు కాపాడాయి.

1881లో జీనెట్ అనే ఓడ సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్ల తరువాత దాని శకలాలు ఎంతో దూరాన గ్రీన్‌లాండ్ తీరంలో దొరికాయి. అవి అంత దూరం వచ్చాయంటే ఆర్కిటిక్ మంచు ఒకచోట నిలిచి ఉండక మెల్లగా కదులుతూ ఉండాలని నాన్సెన్ ఊహించాడు. ఓడను కావాలనే మంచులో చిక్కనిచ్చి, ఆ మంచుతోపాటే ధ్రువం దిశగా ప్రయాణించవచ్చునని తలచాడు. అనుభవజ్ఞులైన నావికులు పలువురు ఇది ప్రాణాంతకమని హెచ్చరించారు. నాన్సెన్ వెనుకాడలేదు. కాలిన్ ఆర్చర్ అనే నిపుణునిచేత గుండ్రని అడుగుగల దృఢమైన ఓడను కట్టించాడు. మంచు ఒత్తిడి పెరిగినప్పుడు ఆ ఓడ నలగక పైకి లేచేటట్లు దాని నిర్మాణం సాగింది. దానికి ఫ్రామ్ అని పేరు పెట్టారు. ఫ్రామ్ అంటే ముందుకు అని అర్థం.

1893 జూన్ 24వ తేదీన భార్య ఎవాను, ఆరు నెలలైనా నిండని పసికూతురిని విడిచి నాన్సెన్ ప్రయాణమయ్యాడు. ఓడలో మొత్తం పదముగ్గురు ఉన్నారు. సెప్టెంబరులో ఓడ మంచులో చిక్కుకొంది. మంచు ఒత్తిడికి ఫ్రామ్ నలగలేదు. నాన్సెన్ ఊహించినట్లే మెల్లగా పైకి లేచింది. గాలిమర సాయంతో ఓడలో విద్యుద్దీపాలు వెలిగించుకొని, సముద్రపు లోతును, నీటి ఉష్ణోగ్రతను కొలుస్తూ వారు కాలం గడిపారు. ఆ సముద్రం లోతు తక్కువని అప్పటివరకు చాలామంది భావించేవారు. అది 3,000 మీటర్లకు మించి ఉన్నదని వారి కొలతలవల్ల తేలింది.

ఆ దీర్ఘరాత్రులలో నాన్సెన్ స్కీలు తొడుక్కొని ఓడకు దూరంగా వెళ్లేవాడు. ఆకాశంలో ఆకుపచ్చని కాంతి తెరలు తెరలుగా కదిలేది. అంచులలో ఎరుపు మెరిసేది. చూస్తుండగానే అది చెదరి మాయమై, మరొక చోట వెలిగేది. ఇవే ధ్రువకాంతులు. సూర్యునినుండి వెలువడే విద్యుత్కణాలను భూమి అయస్కాంతశక్తి ధ్రువప్రాంతాలవైపు మళ్లిస్తుంది. నూరు కిలోమీటర్లు, అంతకు మించిన ఎత్తులో ఆ కణాలు గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను తాకినప్పుడు ఈ వెలుగు పుడుతుంది. నాన్సెన్ ఆ కాంతులను గమనించి, వాటి చిత్రాలను స్వయంగా గీశాడు.

అయితే ఏడాది గడిచేసరికి ఓడ ధ్రువాన్ని చేరదని తేలిపోయింది. మంచు దానిని పక్కదారిన తీసుకుపోతున్నది. అప్పుడు నాన్సెన్ కఠినమైన నిర్ణయం తీసుకొన్నాడు. 1895 మార్చి 14వ తేదీన యాల్మార్ యోహాన్సెన్ అనే సహచరునితో, 28 కుక్కలతో, మూడు మంచుబండ్లతో ఓడను విడిచాడు. కదిలిపోయే ఓడను మళ్లీ వెతికి పట్టుకోవడం అసాధ్యమని ఇద్దరికీ తెలుసు. ఏప్రిల్ 8వ తేదీకి వారు 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరారు. అంతకుముందు ఏ మానవుడూ అంత ఉత్తరానికి పోయినట్లు దాఖలా లేదు. ధ్రువం ఇంకా సుమారు 420 కిలోమీటర్ల దూరంలో ఉంది. ముందంతా ఎగుడుదిగుడు మంచుగుట్టలు. వారు ఉత్తరానికి నడుస్తుంటే కాలికింది మంచు వారిని దక్షిణానికి మోసుకుపోతున్నది. ముందుకు పోతే కీర్తి దక్కవచ్చును గాని, తిరిగివచ్చే ఆశ ఉండదు. వెనుకకు మరలడమే తెలివైన పని అని గ్రహించి నాన్సెన్ వెనుదిరిగాడు.

తిరుగుప్రయాణం మరింత దుర్భరమైంది. ఆహారం తరిగిపోగా కుక్కలను ఒక్కొక్కటిగా చంపి మిగిలినవాటికి మేతగా పెట్టవలసివచ్చింది. చివరి రెండు కుక్కలను ఎవరిదానిని వారు చంపుకోలేక, ఒకరి కుక్కను మరొకరు కాల్చారు. ఆగస్టులో ఫ్రాన్జ్ జోసెఫ్ దీవులు చేరేసరికి మళ్లీ శీతాకాలం ముంచుకువచ్చింది. నేలను తవ్వి, రాళ్లతో గోడలు పేర్చి, వాల్రస్ అనే సముద్రజంతువు తోలును కప్పుగా వేసి వారు గుడిసె కట్టుకొన్నారు. ఎలుగుబంటి మాంసం తింటూ, కొవ్వుతో దీపం వెలిగించుకొంటూ ఎనిమిది నెలలకు పైగా అందులో గడిపారు. చదవడానికి పుస్తకాలు లేవు. చేయడానికి పని లేదు. గాలి తగ్గినప్పుడు బయటికి వచ్చి చీకటిలో అటూ ఇటూ నడిచేవారు. ఆకాశంలో ధ్రువకాంతులు ఆడుతూ ఉండేవి. అంత ఇరుకులో కూడా వారు పోట్లాడుకోలేదు. అంతవరకు ఒకరినొకరు మీరు అని మన్నించుకొన్న ఆ ఇద్దరు, ఆ సంవత్సరాంతపు రాత్రి ఇకపై నువ్వు అని పిలుచుకోవాలని నిశ్చయించుకొన్నారట.

1896 మే నెలలో వారు మళ్లీ బయలుదేరారు. ఒకనాడు తోలుపడవలు కట్టు తెగి సముద్రంలోకి కొట్టుకుపోయాయి. తిండి, తుపాకులు అన్నీ వాటిలోనే ఉన్నాయి. నాన్సెన్ గడ్డకట్టే నీటిలో దూకి, అవయవాలు మొద్దుబారుతున్నా ఈదుకుంటూ పోయి వాటిని పట్టుకొన్నాడు. కొద్దిరోజులకే, జూన్ 17వ తేదీన, కుక్కల అరుపు వినవచ్చింది. ఆ దీవులను పరిశోధిస్తున్న ఫ్రెడరిక్ జాక్సన్ అనే ఆంగ్లేయుడు ఎదురయ్యాడు. మసితో నల్లబడిన ఆ మనిషి నాన్సెన్ అని ఆయన వెంటనే పోల్చుకోలేకపోయాడు. ఆగస్టు 13వ తేదీన నాన్సెన్ నార్వేలో కాలుమోపాడు. అదే రోజున ఫ్రామ్ కూడా మంచునుండి బయటపడింది. పదముగ్గురిలో ఒక్కరికీ ప్రాణహాని కలుగలేదు.

నాన్సెన్ జీవితంలో రెండవ ఘట్టం మొదటి ప్రపంచయుద్ధం తరువాత ప్రారంభమయింది. 1920లో నానాజాతిసమితి యుద్ధఖైదీలను స్వదేశాలకు చేర్చే బాధ్యతను ఆయనకు అప్పగించింది. రెండేళ్లలో నాలుగు లక్షలకు పైగా ఖైదీలు ఇళ్లకు చేరారు. 1921లో రష్యాలో ఘోరమైన కరవు వచ్చింది. ప్రభుత్వాలు అప్పు ఇవ్వడానికి నిరాకరించినా, నాన్సెన్ దాతల సాయంతో ఆకలిగొన్నవారికి ఆహారం అందించాడు. దేశం కోల్పోయి, ఏ దేశపు పత్రమూ లేక సరిహద్దులవద్ద నిలిచిపోయినవారు ఇంకెందరో ఉన్నారు. వారి కోసం 1922లో ఆయన కృషివల్ల ప్రత్యేకమైన గుర్తింపుపత్రం ఏర్పడింది. దానికి నాన్సెన్ పాస్‌పోర్టు అని పేరు వచ్చింది. కాలక్రమాన యాభైకి పైగా దేశాలు దానిని అంగీకరించాయి. తానెక్కడున్నదీ లోకానికి తెలియని స్థితిని ఏడాదికి పైగా అనుభవించిన మనిషి, ఏ ఊరూ తమదని చెప్పుకోలేని వారి బాధను అర్థం చేసుకొన్నాడు.

1922లో నాన్సెన్‌కు నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆ ధనాన్ని ఆయన సహాయకార్యక్రమాలకే వినియోగించాడు. 1930 మే 13వ తేదీన ఆయన మరణించాడు. శరణార్థులకు సేవ చేసినవారికి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1954నుండి ఆయన పేరిట పురస్కారం ఇస్తున్నది. నాన్సెన్ ఉత్తరధ్రువం చేరలేదు. అయినా వెనుదిరగవలసిన చోట వెనుదిరిగి తోటివాని ప్రాణం నిలిపిన ఆయన వివేకాన్ని, ఆపన్నులకోసం వెనుదిరగక పాటుపడిన ఆయన పట్టుదలను లోకం నేటికీ స్మరిస్తున్నది.