పునాది వేసిన సుల్తాను

కుతుబ్‌షాహీ వంశంలో ఆరవ సుల్తాను ముహమ్మద్ కుతుబ్ షా. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీకి సోదరుని కుమారుడు, అల్లుడు కూడా. 1612లో గద్దెనెక్కారు. 1617లో హైదరాబాదులో మక్కా మసీదు నిర్మాణం ప్రారంభించారు. తహజ్జుద్ నమాజు ఎన్నడూ తప్పనివారే తొలి రాయి వేయాలని కోరితే ఎవరూ ముందుకు రాలేదని, చివరకు ఆయనే వేశారని ప్రతీతి.

మసీదు పూర్తికాకముందే 1626లో ఆయన కన్నుమూశారు. తర్వాత ఇద్దరు సుల్తానులు గద్దెనెక్కారు. 1687లో రాజ్యమే పోయింది. గోల్కొండను గెలిచిన ఔరంగజేబు 1694లో నిర్మాణాన్ని ముగించారు.

రాయపోల్ నుంచి పట్నం వెళ్ళి ఆ రాతి కమానుల కింద జుమా నమాజుకు నిలబడినప్పుడు మనం ఒక్కటి తలచుకోవాలి. పదివేల మంది సజ్దా చేసే చోటును ఆరంభించినవారు దాని పూర్తిరూపం చూడలేదు. మన ఊరి మంచి పనికి ఒక రాయి వేయడానికి మనమెందుకు వెనుకాడాలి?