దోర్నకల్ అజరయ్యగారు

లెక్కలు వ్రాయువానికి ఒక సంగతి బాగుగా తెలియును. తన సొమ్ములో పొరపాటు వచ్చిన తానే సర్దుకొనవచ్చును. ఊరి సొమ్ములో వచ్చినచో పైసకు పైస జవాబు చెప్పవలెను. ఇక వేలమంది నడవడికి జవాబు చెప్పవలసినవాని భారమెంతటిదో పాఠకులే ఊహింపగలరు. అట్టి భారమును ముప్పదిరెండేండ్లు మోసిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి చరిత్రమును ఈ రజతోత్సవ సంచికలో విన్నవించుచున్నాను.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు గ్రామ క్రైస్తవ గురువు, 1889లో గతించిరి. అజరయ్యగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టము పొందలేదు. 1895 మొదలు యువజన క్రైస్తవ సమాజమున కార్యదర్శిగా దక్షిణదేశమున తిరిగిరి. మన దేశపు సువార్త సేవ మనవారి ధనముతో, మనవారి చేతులతో జరుగవలెనని తలచి 1903లో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘ స్థాపనకు పాటుపడిరి. ఆ సంఘము నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమున సేవ ప్రారంభించెను. ఇతరులను పంపి తాను నిలిచియుండుట న్యాయము కాదని తోచి, 1909లో గురుపట్టము పొంది తామే దోర్నకల్ చేరిరి. అరవదేశమున పుట్టినవారు తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో తెలుగువారై మెలగిరి. రెండు భాషల నడుమ బ్రదుకు మన చిత్తూరు సీమవారికి ఇందలి శ్రమ తెలియనిది కాదు.

1910లో ఎడింబరో మహాసభలో, దొరలకును దేశీయ సేవకులకును నడుమనున్న దూరమును అజరయ్యగారు నిర్మొగమాటముగ ఎత్తిచూపి, సమానుల స్నేహమును కోరిరి. అది కొందరికి రుచింపలేదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింటు పాల్ దేవాలయమున వారికి బిషప్పు పదవి నొసంగిరి. ఆంగ్లికను సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే ప్రథమము. ఈ నియామకమును దొరలలోనేగాక స్వదేశీయులలోను కొందరు వ్యతిరేకించిరి. వారు తప్పటడుగు వేసినచో అది ఒక వ్యక్తి దోషముగా గాక, భారతీయులు సంఘమును ఏలజాలరనుటకు నిదర్శనముగా చెల్లియుండెడిది.

ఆ ఎరుకతోనే వారు అధికారమును నిర్వహించిరి. ఎద్దుబండిమీదను సైకిలుమీదను పల్లెపల్లె తిరిగిరి. సంఘస్థులలో మిక్కిలి పాలు మాలలు, మాదిగలు, నిరుపేదలు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు పీడలను వదలగొట్టనిదే భక్తి నిలువదని వారి బోధ. పాఠశాలలు, సహకార సంఘములు నెలకొల్పిరి. బాప్తిస్మము పొందిన ప్రతివానిచేత శిరస్సుపై చేయి నుంచి, సువార్త చెప్పుట తన విధియని ప్రమాణము చేయించెడివారు. చర్చిలో చేరినను కులము విడువనివారిని మందలించి, సహపంక్తి భోజనమునకు కూర్చుండబెట్టిరి. 1924 నాటికి వారి మండలమున ఆంగ్లేయ గురువులు 8 మంది, స్వదేశీయులు 53 మంది.

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కూడదనిరి. సామూహిక మతాంతరీకరణ విషయమున గాంధీ మహాత్మునితో వారికి గాఢమైన భేదముండెను. మతము మార్చుకొను స్వాతంత్ర్యము పేదకును గలదని అజరయ్యగారు. ఆ మార్పిడి ఆత్మచింతనవలన గాక ప్రలోభమువలన కలుగునేమోయని మహాత్ములు. ఇరువురును హరిజనుల మేలు కోరినవారే. ఈ వివాదమును తీర్చుట నా శక్తికి మించినది.

దోర్నకల్ దేవాలయమును దేవళపు స్తంభములు, మసీదు గుమ్మటములు స్ఫురించు రీతిని కట్టించిరి. చాల ఏండ్లు సాగిన ఆ పని ముగిసి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. చీలిపోయిన సంఘముల నొక్కటి చేయవలెనని 1919 మొదలు శ్రమించిరి గాని, ఆ ఫలము చూడకయే 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లో కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. మన మదనపల్లె ప్రాంతపు ఆర్కాటు మిషను సంఘములును అందు చేరినవి.

చర్చి యైనను, పంచాయతీ యైనను, ఈ మన గ్రంథాలయమైనను పెద్దరికము వహించువారు అజరయ్యగారి చరిత్రము నొకపరి తలచుకొందురుగాక. పరులను పంపిన చోటికి వారు తామును వెడలిరి. పెద్దరికమునకు అంతకు మించిన లెక్క అప్పగింత నాకు కానరాదు.